కాగితం కుండీల చెక్క అచ్చు: అనంతపురం ఎండకూ ఎర్రమట్టికీ ఎంతవరకు పనికొస్తుంది

పాత న్యూస్‌పేపర్లతో నారు కుండీలు చేసుకునే చెక్క అచ్చు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతోంది. మా అనంతపురంలో మిద్దె తోట పెట్టుకున్నవాళ్ళు చాలామంది కొనొచ్చా వద్దా అని అడుగుతున్నారు. నేను కొని ఎండాకాలంలో, వానాకాలంలో రెండిట్లోనూ వాడాను కాబట్టి అచ్చు సంగతి, దాంతో చేసిన కుండీ సంగతి విడివిడిగా చెప్తాను. అచ్చు బాగుంటే సరిపోదు, కుండీ మన నేలకూ మన నీళ్ళకూ పనికిరావాలి. కొనేముందు నేను చదివిన రివ్యూల్లో చాలావరకు కుండీ చుట్టి ఫొటో పెట్టి అక్కడికి ఆపేశారు, మొక్క నేలలోకి పోయాక ఏమైందో ఎవరూ రాయలేదు. మనకు కావాల్సింది అదే కదా.

ముందు అచ్చు. రెండు ముక్కలుంటాయి. ఒకటి పైన పిడి ఉన్న గుండ్రటి దిమ్మె, రెండోది కింద పెట్టే పీట, దాని మధ్యలో దిమ్మె అడుగు కూర్చునే గుంత. పేపర్ పట్టీని దిమ్మెకు చుట్టి, కింద మిగిలిన అంచును లోపలికి మడిచి, పీట మీద పెట్టి గట్టిగా అదిమి ఒక తిప్పు తిప్పితే అడుగు బిగుసుకుంటుంది. దిమ్మె మెల్లగా లాగేస్తే చేతిలో కుండీ ఉంటుంది. జిగురు అక్కర్లేదు, టేపు అక్కర్లేదు, పిన్నులు అక్కర్లేదు. ఇంట్లో చిన్నపిల్లలు కూడా చూసిన వెంటనే నేర్చుకుంటారు, వాళ్ళకు ఇది చాలా ఇష్టమైన పని.

నేను తీసుకున్నది 5.5 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న దిమ్మె. అంటే చుట్టుకొలత 17 సెంటీమీటర్ల పైన. మన తెలుగు పేపర్ల పెద్ద పేజీ పొడవు అర మీటరు కంటే కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి పేజీని నిలువుగా 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా చేస్తే ఒక్కో పట్టీ దిమ్మెకు మూడు చుట్లు వస్తుంది, పేజీకి మూడు కుండీలు లెక్క. అడుగుకి 3 సెంటీమీటర్లు మడిస్తే 7 సెంటీమీటర్ల లోతు మిగులుతుంది, సుమారు 160 మిల్లీలీటర్ల మట్టి పడుతుంది. కత్తెర కూడా వద్దు, న్యూస్‌పేపర్ నిలువుగా చించితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకర్లు పోతుంది. పేపర్ తయారయ్యేటప్పుడు పీచు రీలు నడిచే దిశలోనే పడుకుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. స్కేలు పెట్టి నిలువుగా లాగితే చాలు. రెండు చుట్లతో కూడా కుండీ నిలబడుతుంది కానీ తడిస్తే వారంలోనే ఒళ్ళు వదిలేస్తుంది, నాలుగు చుట్లు వేస్తే వేర్లు బయటికి రావడం కష్టమవుతుంది. మూడే సరైనది.

ఇక నాణ్యత. చెక్క గట్టిది, పిడి చేతికి బాగా కుదిరింది, దిమ్మె మీద వంక పెట్టడానికి లేదు. పీట విషయంలోనే నాకు కోపం వచ్చింది. వార్నిష్ సరిగ్గా వేయలేదు, గుంత లోపల పేడులు లేచి ఉన్నాయి, పేపర్‌ను అదిమి తిప్పినప్పుడల్లా అడుగు చిరిగిపోయేది. అమ్మినతనికి మెసేజ్ పెడితే మార్చి పంపుతానన్నాడు, పంపలేదు. చివరికి గరుకు కాగితంతో రుద్ది, కొంచెం కొబ్బరినూనె పట్టించాక సరైంది. డబ్బులు పెట్టి కొన్న వస్తువుకు ఈ పని మనం చేసుకోవాల్సి రావడం తప్పే. ఇంకోటి, ఈ అచ్చును నీళ్ళతో కడగకూడదు, తడి పేపర్ కూడా చుట్టకూడదు, చెక్క ఉబ్బితే దిమ్మె గుంతలో ఇరుక్కుంటుంది. పొడిగుడ్డతో తుడిచి నీడలో పెట్టుకోవాలి. మా ఊరి ఎండలో మిద్దె మీద వదిలేస్తే ఎంత గట్టి చెక్కైనా పగులుతుంది.

చాలామంది అడిగే ప్రశ్న, ఇదే పని స్టీలు గ్లాసుతో చేసుకోలేమా అని. చేసుకోవచ్చు. తిన్నగా ఉండే గ్లాసుకు పేపర్ చుట్టి అడుగు మడిచి నేలకేసి అదిమితే కుండీ వస్తుంది. తేడా అడుగులోనే ఉంది. గ్లాసుతో చేసినదాని మడతలు కాస్త వదులుగా ఉంటాయి, మట్టి నింపి ఎత్తేటప్పుడు కింద చెయ్యి పెట్టాలి. అచ్చుతో చేసినది పైన పట్టుకుని ఎత్తినా అడుగు విడిపోదు. పది పదిహేను మొక్కలు పెంచుకునేవాళ్ళకు గ్లాసు చాలు, డబ్బు దండగ చేయొద్దు. ఏటా వందల్లో నారు పోసి పంచుకునేవాళ్ళకు, స్కూల్ తోటలు నడిపే టీచర్లకు మాత్రం ఈ అచ్చు మంచి సాయం, పని వేగంగా అవుతుంది, కుండీలన్నీ ఒకే కొలతలో వస్తాయి కాబట్టి ట్రేలో ఖాళీ లేకుండా సర్దుకోవచ్చు.

పేపర్‌ను నానబెట్టి మిక్సీలో రుబ్బి ఆ గుజ్జుతో కుండీలు చేసే పద్ధతి కూడా ఉంది, వీడియోల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది. చూడ్డానికి అందంగా గట్టిగా వస్తాయి, మన ఎండకు ఒక్కరోజులో ఎండిపోతాయి, ఆ విషయంలో మనం అదృష్టవంతులం. కానీ నాకు నచ్చలేదు. దానికి నీళ్ళు చాలా పడతాయి, ఎండాకాలంలో ట్యాంకర్ కోసం చూసే వీధుల్లో బక్కెట్లకొద్దీ నీళ్ళు పేపర్ నానబెట్టడానికి పోయడం నాకు మనసొప్పదు. గోడ మందంగా ఉంటుంది కాబట్టి లేత వేరు దాన్ని చీల్చుకుని రాలేదు. గట్టిపడాలని కొందరు మైదా జిగురు కలుపుతారు, దానికి చీమలు, బొద్దింకలు, ఎలుకలు వస్తాయి, బూజు ఇంకా తొందరగా పడుతుంది. చుట్టిన కుండీయే మేలు. కోడిగుడ్ల అట్ట ట్రేలు కూడా పాత కాగితం గుజ్జుతో చేసినవే కానీ గుంత లోతు చాలదు, గింజ మొలిపించడం వరకే పనికొస్తాయి.

ఏ పేపర్ వాడాలనేది దీంట్లో పెద్ద విషయం. మామూలు న్యూస్‌పేపర్ మెత్తగా ఉంటుంది, నీళ్ళు పీల్చుకుంటుంది, మడత దగ్గర విరగదు. మ్యాగజైన్ల మెరిసే కాగితం వద్దు, పైన పూత ఉంటుంది. పెళ్ళిపత్రికలు అసలే వద్దు, ఆ బంగారు రంగు రేకు, ప్లాస్టిక్ పొర మట్టిలో కలవవు. ఏటీఎం స్లిప్పులు, షాపు బిల్లులు కూడా వద్దు, ఆ రకం కాగితం మీద రసాయనాల పూత ఉంటుంది. వాడేసిన టీ కప్పులు పేపర్ కప్పులే కదా అని కొందరు నేరుగా వాటిలోనే విత్తనం వేసి కప్పుతో సహా పాతేస్తున్నారు. వాటి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, కాగితం కరిగిపోయినా అది మాత్రం మన తోటలో మిగిలిపోతుంది. కప్పులో పెంచండి, నాటేటప్పుడు తీసేయండి.

ఇంకు గురించి అడిగేవాళ్ళున్నారు, అడగాలి కూడా. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో ఒకసారి, 2023లో మళ్ళీ, తినే పదార్థాలు న్యూస్‌పేపర్లో కట్టివ్వొద్దని చెప్పింది, ఇంకులోని రసాయనాలు, సీసం లాంటి లోహాలు ఆహారంలోకి దిగుతాయని. మన ఊళ్ళో ఉగ్గాని బజ్జీ ఇప్పటికీ పేపర్లో కట్టిచ్చేవాళ్ళున్నారు, వేడి నూనె ఇంకును లాగినంతగా చల్లటి తడిమట్టి లాగదు, అయినా నేను జాగ్రత్తగానే ఉంటాను. నల్ల అక్షరాలు మాత్రమే ఉన్న లోపలి పేజీలు తీసుకుంటాను, నల్ల ఇంకులో రంగు ఇచ్చేది ప్రధానంగా మసి. ఫుల్‌పేజీ రంగుల ప్రకటనలున్న షీట్లు పక్కన పెట్టేస్తాను. పాలకూర, కొత్తిమీర, మెంతికూర లాంటివి ఎలాగూ నేరుగా చల్లుకునేవే, వాటికి కుండీ అవసరమే లేదు.

మట్టి కలిపేటప్పుడు ఒట్టి ఎర్రమట్టి నింపొద్దు. తడిసి ఆరితే గట్టిపడుతుంది, బరువుకు కుండీ అడుగు జారుతుంది. సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పావు వర్మీ కంపోస్టు, పావు జల్లెడ పట్టిన ఎర్రమట్టి నాకు బాగా కుదిరింది. నారుకుళ్ళు రాకుండా కొంచెం ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మేలుచేసే శిలీంధ్రం పొడి) కలపండి, తడి ఎక్కువయ్యే కుండీల్లో ఆ తెగులు త్వరగా వస్తుంది. కుండీ బయట తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం టెన్షన్ పడొద్దు. అది ఎక్కువగా కాగితాన్ని తినే బూజే, మొక్కను ఏమీ చేయదు. నీళ్ళు తగ్గించి గాలి తగిలేలా పెడితే పోతుంది. కాండం మొదట్లో మెత్తబడి మొక్క పడిపోతేనే నారుకుళ్ళు.

ఇప్పుడు అసలు విషయం, నీళ్ళు. పేపర్ గోడ నుంచి నీళ్ళు ఆవిరైపోతూనే ఉంటాయి. మట్టికుండలో నీళ్ళు చల్లబడినట్టే దీంట్లో వేర్ల దగ్గర మట్టి చల్లగా ఉంటుంది, అది మంచిదే. కానీ ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో, పైగా మన గాలికి, పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఉండవు. ప్లాస్టిక్ కవర్‌లో రెండు రోజులు ఆగే మొక్క ఇందులో ఒక్క పూట తప్పినా తల వాల్చేస్తుంది. అందుకే కుండీలు విడివిడిగా పెట్టకూడదు. అంచులున్న ట్రేలో ఒకదానికొకటి ఆనించి ఇరుగ్గా సర్దాలి, అప్పుడు ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి, పక్కల నుంచి ఆవిరి తగ్గుతుంది. పైనుంచి చెంబుతో పోస్తే మట్టి చెదిరి పేపర్ పై అంచు నానిపోతుంది. ట్రేలో వేలి మందం నీళ్ళు పోసి కాసేపు పీల్చుకోనిచ్చి మిగిలింది వంపేయండి. ఎప్పుడూ నీళ్ళలోనే నిలబెడితే అడుగు పోతుంది. ఎండాకాలంలో షేడ్‌నెట్ కింద తప్ప ఈ కుండీలు వద్దే వద్దు.

ఏ మొక్కలకు బాగుంటాయంటే, వేరు కదిలితే అలిగే జాతులకు. సొర, బీర, కాకర, గుమ్మడి, దోస, పుచ్చ. వీటిని ప్రోట్రే (నర్సరీల్లో నారు పెంచే గుంతల ప్లాస్టిక్ ట్రే) నుంచి లాగి నాటితే ఎదుగుదల కొన్నాళ్ళు ఆగిపోతుంది, కుండీతో సహా నాటితే ఆ బాధ లేదు. పైగా రెండు మూడు వారాల్లో, రెండు నాలుగు ఆకులు రాగానే నాటేస్తాం కాబట్టి పేపర్ అంతవరకు చక్కగా నిలబడుతుంది. ఈ తీగల మీద అయితే ఈ కుండీకి నేను పూర్తి మార్కులు వేస్తాను. హైబ్రిడ్ కాకర, పుచ్చ గింజలు గింజ లెక్కన రేటు కట్టేంత ఖరీదైపోయాయి, నేరుగా వేస్తే మొలవనివి, చీమలు ఎత్తుకుపోయినవి పోను ఎన్ని మిగులుతాయో తెలీదు, కుండీలో మొలిపించి నాటితే గుంత ఖాళీ పోదు. బొప్పాయికి, మునగకు కూడా బాగానే ఉంది, వాటిని కూడా మరీ ఎదగనివ్వకుండా నాటేయాలి. టమాటాకు ఫరవాలేదు, 25 నుంచి 30 రోజుల నారు నాటేసరికి కుండీ చివరి దశలో ఉంటుంది. మిరప నారు 40 రోజుల దాకా పెరగాలి, అంతవరకు ఈ కుండీ ఉండదు, దానికి ప్రోట్రేలే వాడండి. ఎకరాలకెకరాలు టమాటా పెట్టేవాళ్ళు కూడా దీని జోలికి రావొద్దు. ఎకరానికి వేలల్లో మొక్కలు కావాలి, నర్సరీల్లో 98 గుంతల ప్రోట్రే ఎంత చోటు తీసుకుంటుందో, అన్ని కాగితం కుండీలకు ఎంత చోటు కావాలో ఒకసారి ఆలోచించండి.

ఉరవకొండ వైపు సేద్యం చేసే మా మామకు ఇవి చూపించాను. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఏం అల్లుడా, వాన లేటయితే ఈ పేపర్ ఆగుతుందా?" అని అడిగాడు. ఇంతకంటే సరైన ప్రశ్న ఇంకొకటి లేదు. ఆగదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది, అది కూడా మృగశిర కార్తెలో వస్తుందో ఆరుద్రలో వస్తుందో, వచ్చి మళ్ళీ ఎన్నాళ్ళు మొహం చాటేస్తుందో చెప్పలేం. నల్ల కవర్‌లో మొక్క నీళ్ళు పోస్తుంటే ఇంకో నెల ఎదురుచూస్తుంది. కాగితం కుండీ మూడు నాలుగు వారాలు దాటితే చేతిలోనే విడిపోతుంది, పక్కపక్కనే ఉన్న కుండీల వేర్లు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి, అప్పుడు విడదీస్తే వేర్లు తెగుతాయి, దేనికోసమైతే ఈ కుండీ పెట్టుకున్నామో ఆ లాభమే పోతుంది. కాబట్టి వాన మీద ఆధారపడి నాటేవాళ్ళకు నేను దీన్ని సిఫారసు చేయను. బోరు ఉండి డ్రిప్ ఉన్నవాళ్ళు, ఇంటి దగ్గర కుళాయి ఉన్నవాళ్ళు నాటే తేదీ తమ చేతిలో ఉంటుంది కాబట్టి, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని విత్తనం వేస్తే ఏ ఇబ్బందీ లేదు. మామ ఇప్పుడు డ్రిప్ కింద పందిరి కాకరకు ఇవే వాడుతున్నాడు.

ప్యాకెట్ మీద కుండీతో సహా నేలలో పెట్టేయండి, అదే కలిసిపోతుంది అని రాసి ఉంటుంది. తడి ఎప్పుడూ ఉండే నేలల్లో అది నిజం. కాగితం మట్టిలో కలవాలంటే తేమ ఉండాలి, తేమతోపాటు సూక్ష్మజీవులూ ఉండాలి, మన ఎర్రనేలలో పైన నాలుగు వేళ్ళ లోతు వరకు రెండు తడుల మధ్య ఎండిపోతుంది. అలాంటి చోట కుండీని అలాగే పెట్టేస్తే కాగితం కరగకుండా గట్టిపడి వేరును లోపలే బంధిస్తుంది. అందుకే నాటేముందు కుండీని నీళ్ళలో ముంచి బాగా తడపాలి, అడుగు మడతను పూర్తిగా ఊడదీసేయాలి, పక్కన ఒక చీలిక పెట్టాలి. మట్టికి పైన మిగిలిన పేపర్ అంచును కచ్చితంగా చించేయాలి. అది నేల పైన కొంచెం కనపడినా చాలు, వత్తి నూనెను లాగినట్టు లోపలి తేమనంతా పైకి లాగి గాలికి వదిలేస్తుంది, మొక్క చుట్టూ నేల తడిగా ఉన్నా మొక్క మాత్రం వాడిపోతుంది. దీనివల్ల చనిపోయిన మొక్కలను విత్తనం మంచిది కాదని తిట్టుకున్నవాళ్ళను నేను చూశాను. సాయంత్రం పూట నాటి, మొదట్లో చెత్తో చెనిక్కాయ పొట్టో కప్పండి.

ఇంకో ప్రమాదం చెదలు. ఎర్రనేలల్లో చెదలకు కాగితం అంటే ప్రాణం, ఎండు రోజుల్లో ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాయి. కాగితం తిని వదిలేస్తే బాధ లేదు, లేత కాండాన్ని కూడా కొరుకుతాయి. గుంతలో గుప్పెడు వేపపిండి వేసి కలిపి నాటండి, తేమ ఆరనివ్వకండి, చాలావరకు దగ్గరికి రావు. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడిలో ఈ బాధ తక్కువే కనిపించింది, అక్కడ తేమ ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి కాగితం కూడా తొందరగా కలిసింది. నాటిన కొత్తలో ఆకులు కొంచెం పసుపుపచ్చగా తిరగొచ్చు. కాగితంలో నత్రజనికి వంద రెట్ల పైనే కార్బన్ ఉంటుంది, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చుట్టూ ఉన్న నత్రజనిని తాము వాడేసుకుంటాయి. జీవామృతం (ఆవుపేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం) ఒకటి రెండు సార్లు పోస్తే తేరుకుంటుంది, యూరియా దాకా పోనక్కర్లేదు.

ధర దగ్గరికి వస్తే, నాకు ఆరువందల లోపు పడింది. దీంట్లో ఉన్నది రెండు చెక్క ముక్కలే, ఆ రేటు ఎక్కువే. లేత్ ఉన్న వడ్రంగికి కొలతలు చెప్తే ఇంకా తక్కువకు చేసిస్తాడు, పైగా గుంత నున్నగా రాకపోతే అక్కడికక్కడే సరిచేయించుకోవచ్చు. అచ్చుకు ఐదుకు మూడున్నర ఇస్తాను, పీట బాగుంటే నాలుగు ఇచ్చేవాణ్ణి. కుండీకి మాత్రం తీగజాతుల వరకు, నీళ్ళు చేతిలో ఉన్నవాళ్ళ వరకు నాలుగున్నర. నారు సీజన్ అయిపోయాక ఏ తోట మూలన చూసినా చిరిగిన నల్ల కవర్లే, గాలికి లేచి కంపచెట్లకు తగులుకుని వేలాడేవి, ఆవులు నమిలేవి, వాటిలో ఇంటికి పది తగ్గినా నాకు సంతోషమే, ఆ ఒక్క కారణానికే ఈ కుండీలు మానను.

కొనాలనుకుంటే దిమ్మె అడ్డకొలత ఎంతో తప్పకుండా చూసుకోండి. 4 సెంటీమీటర్లవి కూడా అమ్ముతున్నారు, అందులో పట్టే మట్టి మన ఎండకు పూటలోనే ఎండిపోతుంది. 5 సెంటీమీటర్లకు తగ్గనిది తీసుకోండి, పీట విడిగా కొనాలని రాసి ఉంటే వదిలేయండి, ఫొటోలో గుంత లోపలి భాగం కనిపించకపోతే ఆర్డర్ పెట్టేముందు అడిగి తెప్పించుకుని చూడండి.